‘వేడి చేసింది’ అంటే ఏ గడిలో రాయాలి? గర్భనిరోధక ఇంజెక్షన్ అధ్యయనంలో మా అనుభవం

మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ తీసుకునే స్త్రీలను ఏడాదిపాటు గమనించే అధ్యయనంలో విజయనగరం జిల్లాలో పనిచేశాం. గజపతినగరం, బొండపల్లి, మెంటాడ వైపు పల్లెలు కొన్ని, పూసపాటిరేగ వైపు సముద్రపు ఒడ్డు ఊళ్లు కొన్ని. ఇలాంటి పనికి కొత్తగా వచ్చే నర్సులకు, ఫీల్డు సిబ్బందికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాం. ప్రోటోకాల్‌లో (అధ్యయనం ఎలా చేయాలో చెప్పే నియమావళిలో) ఉన్నదంతా మళ్లీ చెప్పడం లేదు. ఆ ప్రోటోకాల్ మన పల్లెలోకి వచ్చాక ఎక్కడ పట్టు తప్పుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో మాత్రమే చెబుతున్నాం.

మందు పేరు డెపో మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఎసిటేట్, అందరూ డీఎంపీఏ అంటారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2017 నుంచి ‘అంతర’ పేరుతో ఇస్తున్నది ఇదే. కండరంలోకి వేసేది 150 మిల్లీగ్రాములు, 1 మిల్లీలీటరు. చర్మం కింద వేసే రకం 104 మిల్లీగ్రాములు, 0.65 మిల్లీలీటరు. అండం విడుదల కాకుండా ఆపడం దీని ముఖ్యమైన పని. తప్పకుండా వేళకు వేయించుకుంటే ఏడాదిలో వెయ్యిమందిలో ఇద్దరికి గర్భం రావచ్చు. మామూలుగా జనం వాడే తీరులో అయితే వందమందిలో నలుగురికి రావచ్చు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా మందులో లేదు, తేదీల్లో ఉంది. అందుకే మా పనిలో సగం తేదీల చుట్టూనే తిరుగుతుంది.

మొదట సమ్మతి. దీని దగ్గర మేం తొందరపడం. నెట్-ఎన్ అనే మరో గర్భనిరోధక ఇంజెక్షన్‌ను 1980ల్లో మన దేశంలో పరీక్షించినప్పుడు, పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతి సరిగా చెప్పడం లేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. 1986లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ రంగంలో పనిచేసే తెలుగువాళ్లు ఆ సంగతి తెలియకుండా సమ్మతి పత్రం ముట్టుకోకూడదని మా అభిప్రాయం.

సమాచార పత్రాన్ని చదివి వినిపించి “అర్థమయిందా?” అని అడిగితే ఎవరైనా తలూపుతారు. మేం అలా అడగం. “ఇంటికెళ్లాక మీ అప్ప అడిగితే దీని గురించి ఏం చెప్తారు?” అని అడుగుతాం. “గవర్నమెంటోళ్ల సూదని చెప్తాను” అంటే అర్థం కాలేదన్నమాట, మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ఆమె నోటినుంచి నాలుగు సంగతులు రావాలి. ఇది ఒక పరిశోధన అన్నది ఒకటి. ఎప్పుడైనా మానేయవచ్చు, మానేసినా ఆస్పత్రిలో ఇంజెక్షన్ మామూలుగానే ఇస్తారన్నది రెండు. నెలసరి పద్ధతి మారిపోతుందన్నది మూడు. మానేసిన వెంటనే గర్భం రాదు, చివరి ఇంజెక్షన్ నుంచి సుమారు పది నెలలు పట్టవచ్చు, కొందరికి ఇంకా ఆలస్యమవుతుందన్నది నాలుగు. ఎముకల సాంద్రత కొంత తగ్గుతుందని, మానేశాక చాలావరకు కోలుకుంటుందని కూడా పత్రంలో ఉంటుంది. కాని సొంతంగా అడిగేవాళ్లు దాదాపు లేరు, మనమే చెప్పాలి.

‘సర్వే’ అనే మాట వాడకండి. పల్లెల్లో అందరికీ తెలిసిన మాటే, కాబట్టి నోటికి వచ్చేస్తుంది. సర్వే అంటే నాలుగు ప్రశ్నలు అడిగి వెళ్లిపోవడమని వాళ్ల లెక్క. “ఈ సూది వేసుకున్నవాళ్లకి ఏడాదిపాటు ఒంట్లో ఏమవుతుందో రాసుకుంటాం, దాన్నిబట్టి నేర్చుకుంటాం” అంటే తిన్నగా తలకెక్కుతుంది.

చదువు రానివాళ్లకు వేలిముద్ర, పక్కన నిష్పక్షపాత సాక్షి సంతకం ఉండాలి. ఇక్కడే ఎక్కువ తప్పు జరుగుతుంది. దగ్గరలో ఉన్నారు కదా అని ఆశా కార్యకర్త చేత సాక్షి సంతకం పెట్టించేస్తారు. అధ్యయనంలో పనిచేసే ఆశా సాక్షిగా చెల్లదు. సాక్షి అధ్యయనంతో ఏ సంబంధమూ లేనివారై ఉండాలి, మొదటినుంచి చివరిదాకా కూర్చుని వినాలి, తేదీ తన చేత్తో తానే వేయాలి. మేం ఊళ్లో పొదుపు సంఘం పుస్తకాలు రాసే ఆవిడనో, డిగ్రీ చదివే ఆడపిల్లనో ముందే మాట్లాడి పెట్టుకునేవాళ్లం. భర్త సంతకం ఆమె సమ్మతికి బదులు కాదు. పత్రం నకలు ఆమెకు ఇవ్వాల్సిందే. ఇంట్లో పెట్టుకోవడానికి భయపడితే ఆ మాట అలాగే రాసి, ఎక్కడ దాచమందో కూడా రాయాలి.

తర్వాత అర్హత చూడటం. రక్తపోటు 160/100 గాని ఆపైన గాని ఉంటే ఈ ఇంజెక్షన్ వద్దు. పాపకు పాలిస్తున్న తల్లయితే కాన్పయి ఆరు వారాలు నిండాలి. కారణం తెలియని రక్తస్రావం, రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నాయేమో అడగాలి. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి, బస్సు దిగి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ కట్టి రక్తపోటు చూడకండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, రెండుసార్లు చూడాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు అధ్యయనం చేసేవాళ్లయితే కిడ్నీ జబ్బు సంగతి విడిగా, నిదానంగా అడగాలి. అక్కడ ఇంట్లో ఎవరో ఒకరికి ఉందని చెప్పడం మామూలైపోయి, తనకు ఉన్నది చెప్పడం మరిచిపోతారు.

చివరి నెలసరి తేదీ కావాలి. నెలసరి మొదలైన మొదటి 7 రోజుల్లో అయితే ఇంజెక్షన్ నేరుగా వేయవచ్చు. ఆ తర్వాతయితే గర్భం లేదని తేల్చుకోవాలి, వేశాక 7 రోజులు కండోమ్ కూడా వాడమనాలి. మూత్ర పరీక్ష కిట్ మీద ఒక గీతే వచ్చినంత మాత్రాన నిశ్చింత లేదు. గర్భం నిలిచి కొద్ది రోజులే అయితే కిట్ పట్టుకోలేదు. అందుకే తేదీ ముఖ్యం. “ఏ తేదీన?” అని అడిగితే చాలామంది ఊహించి చెబుతారు. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఊరి పండగల క్యాలెండరు ఒకటి తయారు చేసుకున్నాం. తొలేళ్లు, సిరిమాను, నాగుల చవితి, భోగి, కనుమ, శివరాత్రి, ఆ ఊరి అమ్మవారి సంబరం, సంత జరిగే వారాలు, అమావాస్యలు, పౌర్ణములు. “పైడితల్లమ్మ పండగకి తలస్నానం అయిపోయిందా, ఇంకా బయటున్నారా?” అని అడిగితే ఆమె తడుముకోదు. గుడికి వెళ్లిందో లేదో ఆమెకు బాగా గుర్తు. అక్కడినుంచి వెనక్కి లెక్కపెడితే ఒకటి రెండు రోజుల తేడాతో తేదీ దొరుకుతుంది.

ఇక ఇంజెక్షన్. ఇది నీళ్లలా ఉండే మందు కాదు, తెల్లటి పొడి నీళ్లలో తేలే రకం. సీసా కదలకుండా ఉంటే పొడి అడుగుకి దిగిపోయి గట్టిగా అంటుకుంటుంది. బాగా కుదిపి, సీసాని వెలుతురుకి ఎత్తి తలకిందులు చేసి అడుగున తెల్లటి చెక్క మిగల్లేదని చూసుకున్నాకే సిరంజిలోకి ఎక్కించాలి. సరిగా కుదపకపోతే పైనున్న నీళ్లు సిరంజిలోకి వస్తాయి, మందు సీసాలో ఉండిపోతుంది. లాట్ నంబరు (మందు ఏ విడతలో తయారైందో చెప్పేది) సరిగ్గా ఉంటుంది, ఫారంలో 150 మిల్లీగ్రాములని ఉంటుంది, ఆమె ఒంట్లోకి వెళ్లింది మాత్రం అంతకంటే తక్కువ. ఇలాంటి తప్పు ఏ ఆడిటులోనూ బయటపడదు. అందుకే కుదిపేటప్పుడు పక్కన మరొకరు ఉండి చూడాలని నియమం పెట్టుకున్నాం. సూది 21 నుంచి 23 గేజ్ మధ్య ఉండాలి. స్పిరిట్ ఆరేదాకా ఆగాలి. వేశాక రుద్దకూడదు. రుద్దితే మందు త్వరగా రక్తంలో కలిసిపోయి, చివరి వారాలకి బలం తగ్గవచ్చు. మనం రుద్దకపోయినా ఇంటికెళ్లాక అత్తగారు ఉప్పు మూటతో కాపడం పెడుతుంది. కాబట్టి “రుద్దొద్దు” అన్నంత మాత్రాన చాలదు, “కాపడం కూడా పెట్టొద్దు” అని ఆ మాటే చెప్పాలి.

మందు నిల్వ 15 నుంచి 30 డిగ్రీల మధ్య. మే నెలలో మా దగ్గర ఎండ నలభై దాటుతుంది, కరెంటు పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టేద్దామనిపిస్తుంది, పెట్టకూడదు. ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూసి రాయాలి. హద్దు దాటితే ఆ పెట్టెను పక్కన పెట్టి, వాడకుండా, అధ్యయనం చేయిస్తున్న సంస్థకి, అంటే స్పాన్సర్‌కి తెలియజేసి జవాబు వచ్చేదాకా ఆగాలి.

తర్వాతి మోతాదు తేదీని ‘మూడు నెలలు’ అని నోటితో లెక్కకట్టకండి. 13 వారాలు, అంటే 91 రోజులు. అక్టోబరు 14న వేస్తే తర్వాతిది జనవరి 13. రెండు వారాలు ముందుగా, అంటే డిసెంబరు 30 నుంచి వేయవచ్చు. నాలుగు వారాలు ఆలస్యమైనా, అంటే ఫిబ్రవరి 10 దాకా వేయవచ్చు. అది దాటితే మళ్లీ గర్భం లేదని తేల్చుకోవాలి. ఈ ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. దసరా తర్వాత చేరినవాళ్ల రెండో మోతాదు సరిగ్గా సంకురాత్రి ముంగిట పడుతుంది. ఆ వారం ఆడవాళ్లు కన్నవారింట్లో ఉంటారు, వచ్చాక కోతల పనో, నూర్పిళ్లో. మేం అలాంటివాళ్ల జాబితా నవంబరులోనే తీసి, డిసెంబరు 30 నుంచి భోగి ముందురోజు దాకా ఆ వారాలను వాళ్ల కోసమే ఖాళీగా ఉంచాం. ఆలస్యంగా వస్తే చెల్లుతుంది కదా అని నాలుగు వారాల వెసులుబాటు మీద ఆధారపడితే, ఫిబ్రవరి మొదటివారంలో ఊళ్లన్నీ తిరగాల్సి వస్తుంది.

అన్నిటికంటే కష్టమైంది నెలసరి కార్డు. ఇంజెక్షన్ మానేసేవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం రక్తస్రావంలో మార్పులే, అందుకే ఈ కార్డు అధ్యయనానికి ప్రాణం. రోజుకో గడి. గుడ్డో, ప్యాడో పెట్టుకోవాల్సి వస్తే అది రక్తస్రావం. పెట్టుకోనక్కర్లేనంత తక్కువైతే అది మరక. ఏమీ లేకపోతే సున్నా. ఏ రోజూ గడి ఖాళీగా వదలకూడదు. ఖాళీ గడి అంటే సున్నా కాదు, సమాచారం లేదని అర్థం. కంప్యూటర్‌లో ఎక్కించేవాళ్లు ఖాళీని సున్నాగా చదివేస్తే, కార్డు నింపడం మానేసిన మనిషి నెలసరి ఆగిపోయిన మనిషిలా కనబడుతుంది. ఏడాది వాడేసరికి సగం మందికి పైగా నెలసరి నిజంగానే ఆగిపోతుంది కాబట్టి ఆ తప్పు ఎవరికీ అనుమానం కూడా తెప్పించదు.

చదువు రానివాళ్ల కోసం ముందు బొట్టుబిళ్లలు ఇచ్చాం. పెద్దది రక్తస్రావానికి, చిన్నది మరకకి. ఆ ఆలోచన ఆడవాళ్లకి బాగా నచ్చింది, కాని వానాకాలం చెమ్మకి బిళ్లలు ఊడిపోయాయి. ఊడిపోయిన గడి ఖాళీ గడే కదా. తర్వాత ఎర్ర మైనపు పెన్సిలు దారంతో కార్డుకి కట్టి ఇచ్చాం. గడి నిండా రుద్దితే రక్తస్రావం, చుక్క పెడితే మరక, అడ్డగీత గీస్తే ఏమీ లేదు. ఇది నిలబడింది.

‘గుడ్డ పెట్టుకున్నారా?’ అన్న ఒక్క ప్రశ్న మన దగ్గర సరిపోదు. దేవుడి గదిలోకి వెళ్లాలన్నా, నాట్లలో నడుం వంచాలన్నా, చుక్క కనబడినా భద్రం కోసం గుడ్డ పెట్టేసుకుంటారు. ప్రశ్న యథాతథంగా అడిగితే మరకలన్నీ రక్తస్రావం కింద చేరిపోతాయి. “గుడ్డ లేకపోతే చీరకి అంటేదా?” అని రెండో ప్రశ్న అడిగి, రెండు జవాబులూ రాసుకోవాలి. ఏది ఎలా లెక్కించాలో ప్రోటోకాల్ చెప్పాలి, మనం సొంతంగా నిర్ణయించకూడదు. డాక్టర్లు ‘మరకే కదా’ అని తేలిగ్గా తీసుకుంటారు. కాని మరక కనబడిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఆమె బయట కూర్చోవాలి, వంట ముట్టకూడదు. నెలలో పదిరోజులు మరక కనబడితే ఆ పదిరోజులూ ఇల్లు ఆగిపోతుంది. ఆరోగ్యానికి ప్రమాదం లేకపోయినా ఇంజెక్షన్ మానేయడానికి అది చాలిన కారణం. మానేసిన కారణం రాసే చోట ‘తేలికపాటి దుష్ప్రభావం’ అని రాసి ఊరుకోవడం ఆమెకు అన్యాయం చేయడమే.

ఈ కార్డులను 90 రోజుల చొప్పున లెక్కిస్తారు. ఆ 90 రోజుల్లో ఒక్కరోజూ ఏమీ కనబడకపోతే నెలసరి ఆగినట్లు. మూడుకంటే తక్కువసార్లు వస్తే అరుదు, అయిదుకంటే ఎక్కువసార్లు వస్తే తరచు. ఒకసారి వచ్చింది 14 రోజులు దాటితే దీర్ఘం. ఒక్క గడి తప్పయితే ఒకసారి వచ్చింది రెండుసార్లయిపోతుంది.

ఆస్పత్రి వరండాలో కూర్చుని మూడు నెలల కార్డు ఒక్కసారే నింపేసే అలవాటును కనిపెట్టడం తేలిక. గీతలన్నీ ఒకే ఒత్తిడితో ఉంటాయి, కార్డు మూలలు మడత పడవు, పసుపు మరకా నూనె వేలిముద్రా ఎక్కడా ఉండవు. నిజంగా ఇంట్లో ఉన్న కార్డు మురికిగా ఉంటుంది. అలాంటి శుభ్రమైన కార్డు వచ్చినప్పుడు కోప్పడకూడదు. కోప్పడితే వచ్చేసారి మడతలు పెట్టి తెస్తారు. ‘గుర్తుతెచ్చుకుని నింపినది’ అని కార్డు మీద రాసి, ఆ ఇంటికి వారానికోసారి వెళ్లాలి.

ఇప్పుడు ‘వేడి’ సంగతి. ఎలా ఉందమ్మా అంటే మన ఊళ్లలో సగంమంది జవాబు “వేడి సేసినాదమ్మా” అనే. దుష్ప్రభావాల ఫారంలో వేడికి గడి లేదు. కొత్త సిబ్బంది దాన్ని జ్వరం అని రాసేస్తారు. మా దగ్గర ఆ మాట వెనక నోటిపూత, మూత్రంలో మంట, అరికాళ్ల మంటలు, తెల్లబట్ట, చుక్కచుక్కగా మరక, తలనొప్పి, ఊరికే ఎండ దెబ్బ, అన్నీ దొరికాయి. కాబట్టి ఆ మాట విన్నాక కలం ఆపి అడగాలి: ఎక్కడ? మూత్రానికి వెళ్లినప్పుడా, ఎప్పుడూనా? ఏ రోజు మొదలైంది, సూదికి ముందు కూడా ఉండేదా? దానికి ఏం తాగారు, ఏం వాడారు? మజ్జిగ, సబ్జా గింజలతో పోయిందా, దుకాణంలో మాత్ర కొన్నారా? ఆ మాత్ర పేరు కూడా మందుల పట్టికలో చేరాలి. ఫారంలో ముందు ఆమె మాట తెలుగులోనే రాసి, పక్కన లక్షణం రాయాలి. ఆమె మాట కొట్టేసి వైద్యపదం ఒక్కటే రాస్తే తర్వాత ఎవరైనా సరిచూడాలన్నా మూలం మిగలదు. ‘నీరసం’, ‘ఒళ్లు లాగేస్తంది’, ‘కళ్లు బైర్లు కమ్మాయి’ కూడా ఇంతే. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. వైటెనర్ ముట్టుకోకూడదు.

ఆస్పత్రిలో చేరడం ఏ కారణంతో జరిగినా తీవ్ర సంఘటన కిందికే వస్తుంది, పొలంలో పాము కరిచి చేరినా సరే. ఇంజెక్షన్‌కి సంబంధం లేదని మనం తేల్చేసి ఊరుకోవడానికి లేదు. 2019 నాటి కొత్త మందుల క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం 24 గంటల్లో తెలియజేయాలి. ఆశాకి ఆదివారం తెలిసి మనకు మంగళవారం తెలిస్తే ఆ రెండు తేదీలూ రాయాలి.

గర్భం వస్తే స్కానింగ్‌తో ఎన్ని వారాలో చూసి వెనక్కి లెక్కించాలి. ఇంజెక్షన్ రోజుకే గర్భం ఉంటే అది ఇంజెక్షన్ వైఫల్యం కాదు, మన పరీక్ష వైఫల్యం. కాన్పు దాకా ఆమెను వదలకూడదు.

వైఫల్యాన్ని లెక్కించడానికి పెర్ల్ సూచిక వాడతారు, అంటే వందమంది ఏడాదిపాటు వాడితే ఎన్ని గర్భాలు వస్తాయన్న లెక్క. గర్భాల సంఖ్యని 1200తో గుణించి, అందరూ గడిపిన మొత్తం నెలలతో భాగించాలి. మాట వరసకి 300 మంది 12 నెలలు ఉంటే 3600 నెలలు, రెండు గర్భాలకి సూచిక 0.67. ఇక్కడ మా తీరప్రాంతం లెక్క వేరు. పూసపాటిరేగ, భోగాపురం వైపు మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వెళ్లి నెలల తరబడి రారు. భర్త ఇంట్లో లేని నెలల్లో గర్భం రాకపోవడం ఇంజెక్షన్ గొప్ప కాదు. ఆ 300 మందిలో 60 మంది భర్తలు ఆరేసి నెలలు బయట ఉంటే 360 నెలలు తీసేయాలి. అప్పుడు సూచిక 0.74. కాబట్టి ప్రతిసారి వచ్చినప్పుడు “మీ ఆయన ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు?” అని తేదీలతో అడగాలి. ఈ ప్రశ్న మొదట మా ఫారంలో లేదు. తీరం ఊళ్లకి వెళ్లాక అధ్యయనం నీతిగా జరుగుతోందో చూసే నైతిక సంఘం ఆమోదంతో చేర్చుకున్నాం.

ఫోన్ నంబర్లు మూడు తీసుకోవాలి: ఇంటిది, కన్నవారింటిది, నమ్మకమైన ఇరుగుపొరుగుది. ఇంటి ఫోన్ ఎక్కువగా భర్త జేబులోనే ఉంటుంది. చేర్చుకునే రోజే “ఎవరైనా ఫోన్ ఎత్తితే మేం ఏం చెప్పమంటారు?” అని ఆమెనే అడిగి, ఆ మాటనే రాసుకుని, అదే చెప్పాలి. మన తెలివితో కొత్త మాట కల్పించకూడదు. హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్లిపోయినవాళ్లకి కార్డు మీద చివరి ఇంజెక్షన్ తేదీ, మోతాదు, లాట్ నంబరు స్పష్టంగా ఉంటే అక్కడి ఆస్పత్రిలో వేయించుకోగలరు. ఆ కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకుంటే మన దగ్గర వరస తెగదు.

52వ వారం చివరి సందర్శనలో బరువు, రక్తపోటు, మూత్ర పరీక్ష, కార్డు అప్పగింత అయ్యాక ఒక పని మిగులుతుంది. కొనసాగించాలనుకునేవాళ్లకి ఆ రోజే మోతాదు వేసి, ఆస్పత్రి అంతర కార్డు మీద తర్వాతి తేదీ వేసి ఇవ్వాలి. ఆ 91 రోజులు సూది పడిన రోజు నుంచే లెక్కించాలి, అధ్యయనం ముగింపు తేదీ నుంచి కాదు. చివరి ఊళ్లో ఆ కార్డులు పంచేటప్పుడు ఒక్కొక్కరి చేత ఆ తేదీ పైకి చెప్పించాం. తేదీ చదవలేనివాళ్లకి పక్కనే ఏ పండగకి ఎన్ని రోజుల ముందో, ఎన్ని రోజుల తర్వాతో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి ఇచ్చాం.